డ్రమ్మర్‌ని వద్దన్నారు, మళ్ళీ పిలిచారు: కోల్డ్‌ప్లే మొదటి ఆల్బమ్ ‘పారాచూట్స్’ వెనక కథ

ఈ రోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చెప్తాను. ఇయర్‌ఫోన్స్ దగ్గర పెట్టుకోండి. ఎందుకంటే నేను పాటలు ఇక్కడ ప్లే చేయలేను, చేస్తే కాపీరైట్ స్ట్రైక్ వస్తుంది. నేను చెప్పేది విని, ఆ పాట మీరే వేరే ట్యాబ్‌లో పెట్టుకుని వినాలి. ఓకేనా?

‘యెల్లో’ పాట మనలో చాలామందికి తెలుసు. రీల్స్‌లో విన్నాం, కాలేజ్ ఫెస్ట్‌లో గిటార్ పట్టుకున్న ప్రతి సీనియర్ నోటా విన్నాం. ఆ వీడియో కూడా చూసే ఉంటారు. తెల్లవారుజామున సముద్రం ఒడ్డు. రెయిన్ జాకెట్ వేసుకున్న ఒక కుర్రాడు కెమెరా వైపు నడుస్తూ పాడుతుంటాడు. చినుకులు పడుతుంటాయి. నాలుగున్నర నిమిషాలు అంతే. వేరే మనిషి లేడు, వేరే షాట్ లేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. కోల్డ్‌ప్లే అంటే నలుగురు కదా? మరి మిగతా ముగ్గురు ఎక్కడ?

ఈ ప్రశ్నకి జవాబు ఉంది, దాని దగ్గరికి మెల్లగా వెళ్దాం. ఎందుకంటే ఈ రోజు నేను మాట్లాడబోయేది ఒక్క పాట గురించి కాదు, ఆ పాట ఉన్న ఆల్బమ్ గురించి. పేరు ‘పారాచూట్స్’. 2000 జూలై 10న బ్రిటన్‌లో రిలీజ్ అయింది. కోల్డ్‌ప్లే మొదటి ఆల్బమ్. 10 పాటలు, దాదాపు 42 నిమిషాలు. అంటే మన మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్ళేలోపు ఆల్బమ్ మొత్తం అయిపోతుంది.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. మనం పెరిగిందంతా సినిమా పాటలతో. మన దగ్గర ‘ఆల్బమ్’ అంటే ఆరు పాటలు: ఒక హీరో ఇంట్రో, ఒక డ్యూయెట్, ఒక ఐటమ్, ఒక బాధ పాట. ఒక్కో పాటకి ఒక్కో సింగర్. ప్రతి పాటకీ ఒక ‘సిట్యుయేషన్’ ఉంటుంది. డైరెక్టర్ కథ చెప్తాడు, మ్యూజిక్ డైరెక్టర్ ట్యూన్ ఇస్తాడు, రచయిత మాటలు రాస్తాడు. బ్యాండ్ ఆల్బమ్ అలా ఉండదు. ఒకే గొంతు, అవే నాలుగు వాయిద్యాలు, మొదటి నుంచి చివరి దాకా. హీరో లేడు, హీరోయిన్ లేదు. సిట్యుయేషన్ ఏంటంటే, ఆ బ్యాండ్ వాళ్ళ జీవితమే. అందుకే ఆ నలుగురి మధ్య ఏం జరిగిందో తెలిస్తే ఆల్బమ్ వేరేగా వినిపిస్తుంది. ఈ ఎపిసోడ్ పాయింట్ అదే.

సరే, ఎవరీ నలుగురు? 1996లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో చేరిన స్టూడెంట్స్. రామ్సే హాల్ అనే హాస్టల్. క్రిస్ మార్టిన్, జానీ బక్‌లాండ్ అక్కడ మొదటి వారాల్లోనే కలిశారు. క్రిస్ పాడతాడు, పియానో, గిటార్ వాయిస్తాడు. జానీ గిటార్. తర్వాత గై బెర్రీమన్ వచ్చాడు, బేస్ గిటార్. చివర్లో విల్ ఛాంపియన్.

చదువులు చూడండి, భలే ఉంటాయి. క్రిస్ చదివింది ప్రాచీన ప్రపంచ చరిత్ర. ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాడు కూడా. జానీ ఖగోళశాస్త్రం, లెక్కలు. విల్ ఆంత్రోపాలజీ. గై ఇంజనీరింగ్‌లో చేరి మధ్యలో వదిలేసి ఆర్కిటెక్చర్‌కి మారాడు, అదీ పూర్తి చేయలేదు. బీటెక్ బ్యాచ్, మన మనిషి ఒకడున్నాడు అక్కడ!

ఇక విల్ గురించి చెప్పాలి. అతను బ్యాండ్‌లోకి రాకముందు గిటార్, ఇంకా కొన్ని వాయిద్యాలు వాయించేవాడు. డ్రమ్స్ అతని వాయిద్యం కాదు. బ్యాండ్‌కి డ్రమ్మర్ కావాలి కాబట్టి డ్రమ్స్ నేర్చుకున్నాడు. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1998లో సొంతంగా ఒక చిన్న రికార్డు తెచ్చారు, పేరు ‘సేఫ్టీ’. 500 కాపీలు. డబ్బులు పెట్టింది క్రిస్ స్కూల్ ఫ్రెండ్ ఫిల్ హార్వే. తర్వాత మేనేజర్ అయిందీ అతనే. ఆ 500లో ఎక్కువ భాగం రికార్డు కంపెనీలకీ ఫ్రెండ్స్‌కీ పంచేశారు. మరుసటి ఏడాది ఫియర్స్ పాండా అనే చిన్న లేబుల్‌లో ఒక సింగిల్. అదే ఏడాది, 1999లో, పార్లోఫోన్ వాళ్ళని సైన్ చేసుకుంది. పార్లోఫోన్ అంటే తెలుసు కదా, బీటిల్స్ లేబుల్. హాస్టల్‌లో గిటార్ వాయించుకునే నలుగురు స్టూడెంట్స్‌కి క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో డ్రీమ్ కంపెనీ వచ్చినట్టు అన్నమాట.

అక్కడే గొడవ మొదలైంది.

పెద్ద లేబుల్ దగ్గర మొదటి రికార్డింగ్. పేరు ‘ది బ్లూ రూమ్’, 1999 అక్టోబర్‌లో వచ్చిన ఐదు పాటల ఈపీ. ఆ సెషన్లలో టెన్షన్ బాగా పెరిగింది. ఒక దశలో క్రిస్ మార్టిన్, విల్ ఛాంపియన్‌ని బ్యాండ్ నుంచి వెళ్ళిపొమ్మన్నాడు. అవును. ఈ రోజు స్టేడియంలో వేలమంది ముందు డ్రమ్స్ కొడుతున్న అదే విల్‌ని.

ఆలోచించండి. బ్యాండ్ కోసమే డ్రమ్స్ నేర్చుకున్న మనిషి. పెద్ద కంపెనీ వచ్చింది, డబ్బు వచ్చింది, స్టేక్స్ పెరిగాయి. ‘నువ్వు వద్దు’ అన్నారు. మనకి కొత్త కథేం కాదు ఇది. స్టార్టప్‌లో ఫండింగ్ వచ్చిన రోజు చూడండి, కాలేజ్ ప్రాజెక్ట్ టీమ్‌లో ఫైనల్ డెమో ముందు రోజు చూడండి. ఎవరో ఒకరు బరువుగా కనిపించడం మొదలవుతారు.

కానీ ఇక్కడ జరిగింది వేరు. వద్దన్నాక క్రిస్ ఉండలేకపోయాడు. ఆ గిల్ట్‌తో తాగాడు. తర్వాత విల్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ రమ్మని బతిమాలుకున్నాడు. విల్ వచ్చాడు.

ఇక్కడితో ఆగితే ఇది మంచి ఫ్రెండ్‌షిప్ స్టోరీ, రీల్‌కి సరిపోతుంది. నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది ఆ తర్వాతి భాగం. సారీ చెప్పుకుని, కౌగిలించుకుని ఊరుకోలేదు. రూల్స్ రాసుకున్నారు. ఒకటి: బ్యాండ్‌లో నిర్ణయాలన్నీ నలుగురివీ, ప్రజాస్వామ్యం. రెండు: వచ్చే డబ్బు నలుగురికీ సమానం. మూడు: ఎవరైనా హార్డ్ డ్రగ్స్ జోలికి వెళ్తే బయటికే. ఈ పద్ధతికి యూ2, ఆర్.ఇ.ఎం. బ్యాండ్లని ఆదర్శంగా తీసుకున్నారు.

రెండో రూల్ ఎంత పెద్దదో అర్థం కావాలంటే పాట డబ్బు ఎలా వస్తుందో కొంచెం చూడాలి. బోర్ కొట్టదు, ఒక్క నిమిషం.

ఒక రికార్డు పాటలో రెండు హక్కులు ఉంటాయి. ఒకటి రికార్డింగ్ మీద హక్కు, అంటే మీరు వినే ఆ ఆడియో. రెండోది పాట మీద హక్కు, అంటే మాటలు, ట్యూన్. ఈ రెండోది రాసినవాళ్ళది. రేడియోలో వచ్చినా, టీవీలో వాడినా, ఇంకెవరో కవర్ చేసినా, రాసినవాళ్ళకి డబ్బు వస్తూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి. మామూలుగా చాలా బ్యాండ్లలో రాసేది సింగర్. కాబట్టి పదేళ్ళు తిరిగేసరికి సింగర్ బంగళాలో ఉంటాడు, డ్రమ్మర్ అద్దె ఇంట్లో ఉంటాడు. స్టేజి మీద ఇద్దరూ ఒకే పాట వాయించారు. బ్యాంకు అకౌంట్లో మాత్రం ఒకే పాట కాదు. బ్యాండ్లు విడిపోవడానికి ఇది పెద్ద కారణం.

‘పారాచూట్స్’ క్రెడిట్స్ చూడండి. పాటలకి రచయితలుగా నాలుగు పేర్లూ ఉంటాయి: బెర్రీమన్, బక్‌లాండ్, ఛాంపియన్, మార్టిన్. ఇంగ్లీష్ అక్షర క్రమంలో. మాటలు ఎక్కువగా పుట్టేది క్రిస్ దగ్గర. అయినా పేరు చివర, వాటా సమానం. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఫౌండర్ తన ఈక్విటీని నాలుగు సమాన భాగాలు చేసి, మొన్న తీసేద్దామనుకున్న మనిషికి కూడా పూర్తి పావు వంతు ఇచ్చాడు. అదీ ప్రొడక్ట్ హిట్టవుతుందో లేదో తెలియని రోజుల్లో.

ఇప్పుడు ఆల్బమ్‌లోకి వెళ్దాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

రికార్డింగ్ 1999 చివర్లో మొదలై 2000 మే దాకా సాగింది. ప్రొడ్యూసర్ కెన్ నెల్సన్. ఎక్కువ పని లివర్‌పూల్‌లోని పార్ స్ట్రీట్ స్టూడియోలో జరిగింది. కొంత వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో. రాక్‌ఫీల్డ్ ఒకప్పుడు పాడి పశువుల ఫామ్. కొట్టాలనే స్టూడియోలుగా మార్చారు. క్వీన్ బ్యాండ్ ‘బొహీమియన్ రాప్సడీ’ పని మొదలుపెట్టింది అక్కడే. ఒయాసిస్ రెండో ఆల్బమ్ చేసింది కూడా అక్కడే.

‘యెల్లో’ పుట్టింది ఆ ఫామ్‌లోనే. ఒక రాత్రి బయటికి వచ్చారు. చుట్టూ పల్లెటూరు, వీధి దీపాలు లేవు, చుక్కలు గట్టిగా మెరుస్తున్నాయి. క్రిస్ సరదాగా నీల్ యంగ్ గొంతుని ఇమిటేట్ చేస్తూ ఒక ట్యూన్ అందుకున్నాడు. జోక్‌గా మొదలైంది పాటై కూర్చుంది. ఆ ‘యెల్లో’ అనే మాటకి అర్థం ఏంటని అడిగితే క్రిస్ ఏళ్ళ తరబడి రకరకాల జవాబులు చెప్పాడు. మనకైతే పసుపు అనగానే గుమ్మం, పెళ్ళి, ఉగాది గుర్తొస్తాయి. అక్కడ ఆ పదానికి అంత బరువు లేదు. ఖాళీ పదం కాబట్టే ఎవరి ప్రేమని వాళ్ళు అందులో పోసుకున్నారు.

గిటార్ నేర్చుకుంటున్నవాళ్ళకి ఒక మాట. ‘యెల్లో’ని మామూలు ట్యూనింగ్‌లో వాయిస్తే ఏదో తేడా కొడుతుంది కదా? మీ తప్పు కాదు. క్రిస్ తన అకూస్టిక్ గిటార్ తీగల్ని వేరే విధంగా శ్రుతి చేశాడు: ఈ, ఏ, బీ, జీ, బీ, డీ షార్ప్. అందుకే కొన్ని తీగలు తెరిచి ఉంచినా మోగుతూ ఉంటాయి. ఆ తళతళ అక్కడిదే.

ఇప్పుడు డ్రమ్స్ మాత్రమే వినండి. పాడేవాడిని మర్చిపోండి. ఎక్కడా గొప్పలు పోడు. ఫిల్ కొట్టి ‘చూశారా’ అనడు. పాట నిలబడటానికి ఎంత కావాలో అంతే కొట్టి ఆగిపోతాడు. నా ఫీలింగ్ చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. డ్రమ్స్‌లో పుట్టి పెరిగినవాడు అయితే ఈ పాటల్లో ఇంత ఖాళీ వదిలేవాడు కాదు. విల్ పాట వినేవాడిలా వాయిస్తాడు. ఆ ఖాళీలోనే క్రిస్ గొంతు వణకడం మనకి వినిపిస్తుంది. మనం ఈ ఆల్బమ్‌లో ‘ఎమోషన్’ అంటున్నది సగం గొంతులో ఉంటే, సగం మిగతా ముగ్గురూ వాయించకుండా వదిలేసినదాంట్లో ఉంది.

నమ్మకం లేకపోతే ‘స్పార్క్స్’ పెట్టండి. ఇది సింగిల్‌గా కూడా రాలేదు అప్పట్లో. ఇప్పుడు షార్ట్ వీడియోల వల్ల, 2000లో పుట్టని పిల్లలు కూడా వింటున్నారు. మూడు లెక్కల నడక, మన తిశ్రంలాగా ఊగుతూ వెళ్తుంది. అందులో ట్యూన్‌ని మోసేది ఎవరో చూడండి. గిటార్ కాదు, బేస్. గై బెర్రీమన్ బేస్ గిటార్ ఒక పాత్రలాగా కింద నడుస్తూ ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో వింటే అది వినిపించనే వినిపించదు. అందుకే ఇయర్‌ఫోన్స్ అన్నాను.

తర్వాత ‘హై స్పీడ్’. ఆల్బమ్‌లో ఎనిమిదో పాట. ఇది కెన్ నెల్సన్ ప్రొడ్యూస్ చేయలేదు, క్రిస్ ఆలిసన్ అనే వేరే ప్రొడ్యూసర్ చేశాడు. ఎందుకు? ఎందుకంటే ఇది ఆ ‘బ్లూ రూమ్’ ఈపీలో వచ్చిన రికార్డింగే. అంటే ఆ గొడవ కాలపు టేప్ అది. కొత్తగా మళ్ళీ రికార్డ్ చేయకుండా అలాగే ఆల్బమ్‌లో పెట్టుకున్నారు. ఈ విషయం తెలిశాక ఆ పాట నాకు మామూలుగా వినిపించడం మానేసింది. నలుగురూ విడిపోవడానికి దగ్గరగా వచ్చిన రోజుల సౌండ్, నలుగురూ కలిసి నిలబడ్డ ఆల్బమ్ మధ్యలో ఉంది.

ఇంక ‘ట్రబుల్’. పియానో పాట. వినగానే బ్రేకప్ సాంగ్ అనుకుంటాం. నేనూ కాలేజ్‌లో అలాగే విన్నాను, హాస్టల్ మొత్తం అలాగే వింది. కానీ క్రిస్ దీని గురించి మాట్లాడినప్పుడు, ప్రేమించే మనిషితో చెడుగా ప్రవర్తించడం గురించి అని చెప్తూ, తన బ్యాండ్‌లో వాళ్ళతో తాను అలా ప్రవర్తించిన సంగతి కూడా ఎత్తాడు. మనిషిని పోగొట్టుకునేలోపు మనల్ని మనం దారిలో పెట్టుకోవాలి, ఆ అర్థంలో చెప్పాడు.

ఇది తెలిశాక మళ్ళీ వినండి. పియానో ఒంటరిగా మొదలవుతుంది. ఆ తర్వాత డ్రమ్స్ వస్తాయి, మెత్తగా. ఎవరు వాయిస్తున్నారు? విల్. క్షమాపణలాంటి పాట వెనక, ఆ క్షమాపణ అందుకోవాల్సిన మనిషే కూర్చుని తాళం వేస్తున్నాడు. సినిమాలో ఏ సిట్యుయేషనూ ఇంతకంటే బాగా రాయలేం.

సరే, అంతా పొగడ్తలేనా? కాదు. ఈ ఆల్బమ్‌కి తిట్లు కూడా బాగానే పడ్డాయి. ఒయాసిస్‌ని సైన్ చేసిన క్రియేషన్ రికార్డ్స్ ఓనర్ ఆలన్ మెగీ, ఇదంతా పక్క తడిపే పిల్లల సంగీతం అన్న అర్థంలో వెక్కిరించాడు. ఆయన కోపం ఎందుకో చూడండి. అంతకుముందు పదేళ్ళూ బ్రిటిష్ గిటార్ బ్యాండ్ అంటే కాలర్ ఎగరేయడం. ఒయాసిస్ స్టైల్: మేమే తోపులం. ఈ కుర్రాళ్ళు వచ్చి ‘నాకు భయంగా ఉంది, నేను తప్పు చేశాను, నువ్వు నన్ను చూడట్లేదు’ అంటున్నారు. స్టేజి మీద మగాడు ఇలా ఉండొచ్చా అన్నది అసలు అభ్యంతరం.

రెండో విమర్శలో పస ఉంది. పోలికలు ఎక్కువ అని. ‘షివర్’ పాటలో గొంతు పైకి వెళ్ళే పద్ధతి అచ్చం జెఫ్ బక్లీది. 1994లో ‘గ్రేస్’ అనే ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ పూర్తి చేసి, 1997లో నదిలో మునిగి చనిపోయిన అమెరికన్ సింగర్ అతను. ఆ పాట బక్లీని అనుకరించే ప్రయత్నమేనని క్రిస్ కూడా దాచలేదు. ఇంకో పోలిక రేడియోహెడ్. ఇక్కడ టైమింగ్ చూడండి. జూలైలో ‘పారాచూట్స్’ వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో రేడియోహెడ్ ‘కిడ్ ఏ’ తెచ్చి, గిటార్లు దాదాపు పక్కన పెట్టి ఎలక్ట్రానిక్ వైపు వెళ్ళిపోయింది. గిటార్‌తో గుండె బరువు దించుకునే పాటల కోసం ఎదురుచూస్తున్న జనం ఉన్నారు, ఆ కుర్చీ ఖాళీ అయింది, వీళ్ళు కూర్చున్నారు. అదృష్టం కూడా కలిసొచ్చింది, ఒప్పుకుందాం.

నా సొంత కంప్లెయింట్ కూడా ఒకటి. చివరి భాగం కొంచెం సాగుతుంది. ‘వి నెవర్ చేంజ్’ దగ్గర నాకు ప్రతిసారీ చేయి స్కిప్ బటన్ మీదికి వెళ్తుంది. ఇంకోటి, మూడో పాట ‘స్పైస్’. మసాలా కాదు, గూఢచారులు! ఆ పాటలో మూడ్ బాగుంది, మాటలు మాత్రం అంతగా పట్టుకోవు. ఇరవై ఒకటి నుంచి ఇరవై మూడేళ్ళ కుర్రాళ్ళు చేసిన మొదటి ఆల్బమ్ ఇది. అతుకులు కనిపిస్తాయి.

అయినా జనం తీసుకున్నారు. బ్రిటన్‌లో నేరుగా నంబర్ 1లో మొదలైంది. 2001లో బ్రిట్ అవార్డుల్లో బెస్ట్ బ్రిటిష్ ఆల్బమ్, బెస్ట్ బ్రిటిష్ గ్రూప్. 2002లో గ్రామీ, బెస్ట్ ఆల్టర్నేటివ్ మ్యూజిక్ ఆల్బమ్. ఇంత ఆల్బమ్‌కి కవర్ ఏంటో తెలుసా? షాపులో కొన్న ఒక గ్లోబు. లోపల దీపం వెలిగే పసుపు గ్లోబు. దాన్ని డిస్పోజబుల్ కెమెరాతో వాళ్ళే ఫోటో తీసుకున్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ‘యెల్లో’ వీడియోలో మిగతా ముగ్గురు ఎక్కడ?

ఆ వీడియో తీసింది ఇంగ్లండ్‌లోని డోర్సెట్, స్టడ్‌ల్యాండ్ బే అనే బీచ్‌లో. మొదటి ప్లాన్ వేరు. బ్యాండ్ మొత్తం ఉండాలి, చుట్టూ జనం ఉండాలి, ఎండ ఉండాలి. ఆ రోజు వాతావరణం పాడైంది, జనం ప్లాన్ పోయింది. కానీ బ్యాండ్ లేకపోవడానికి కారణం వాన కాదు. ఆ రోజు విల్ ఛాంపియన్ వాళ్ళ అమ్మ అంత్యక్రియలు. అందుకే కెమెరా ముందుకి క్రిస్ ఒక్కడే వచ్చాడు.

టెక్నికల్‌గా కూడా ఆ షాట్ చూడండి. కెమెరా సెకనుకి 50 ఫ్రేములతో తీసింది, మనకి చూపించేది 25తో. అంటే కదలిక సగం వేగంలో కనిపిస్తుంది. కానీ పెదాలు పాటకి కలవాలి కదా? అందుకని బీచ్‌లో పాటని డబుల్ స్పీడ్‌లో పెట్టారు. క్రిస్ గబగబా పాడుతూ నడిచాడు. మనకి కనిపించేది మాత్రం చాలా తీరిగ్గా, కలలో నడుస్తున్నట్టు. ఒక్క టేక్, కట్ లేదు.

ఇన్నేళ్ళుగా ప్రపంచమంతా ఆ వీడియోని ఒంటరి ప్రేమికుడి వీడియోలాగా చూసింది. అది ఒంటరితనం కాన్సెప్ట్ కాదు. ఆ రోజు డ్రమ్స్ కుర్చీలో ఉండాల్సిన మనిషి అమ్మని సాగనంపడానికి వెళ్ళాడు. ఇంకో డ్రమ్మర్‌ని కూర్చోబెట్టి ఫ్రేమ్ నింపలేదు. కొన్ని నెలల ముందే ‘నువ్వు వద్దు’ అన్న బ్యాండ్ అది. ఇప్పుడు అతని ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది, ఆ ఖాళీయే వాళ్ళ ముఖచిత్రం అయింది.

నాకు ఈ కథ ఎందుకింత పట్టిందో చెప్తాను. వీడియోలు మొదలుపెట్టకముందు నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానని మీకు తెలుసు. ఒక కంపెనీలో, పేరు అనవసరం, మా టీమ్‌లో ఒకన్న ఉండేవాడు. కోడ్ కొంచెం నెమ్మది. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు భయం లేకుండా డౌట్ అడిగేది ఆయన్నే. రాత్రి ప్రొడక్షన్ పడిపోతే ఫోన్ ఎత్తేది ఆయనే. అప్రైజల్ షీట్‌లో ఈ రెండింటికీ కాలమ్ లేదు. నెమ్మదికి మాత్రం కాలమ్ ఉంది. రెండు క్వార్టర్లు చూసి పంపించేశారు.

సినిమా అయితే ఆయన వెళ్ళాక ప్రాజెక్ట్ కూలిపోవాలి. కూలిపోలేదు. రిలీజ్ టైమ్‌కే వెళ్ళింది. షీట్ ప్రకారం నష్టం సున్నా. కానీ మా గ్రూప్ చాట్‌లో జోకులు ఆగిపోయాయి. డౌట్లు అడగడం ఆగిపోయింది. ఎవరి స్క్రీన్ వాళ్ళది. ఏడాది తిరిగేలోపు ముగ్గురం పేపర్లు పెట్టేశాం, ఎవరి కారణాలు వాళ్ళవి. ఆయన ఉంటే ఆగేవాళ్ళమా? ఏమో, అది కొలవడానికి కూడా కాలమ్ లేదు.

అలాగని అందరినీ ఎప్పటికీ ఉంచుకోవాలని నేను చెప్పట్లేదు. కోల్డ్‌ప్లే వాళ్ళ మూడో రూల్ గుర్తుందా? హార్డ్ డ్రగ్స్ అయితే బయటికే. అంటే వాళ్ళది మెతకదనం కాదు. ఎందుకు తీసేస్తాం, ఎందుకు తీయం అన్నది ముందే కూర్చుని మాట్లాడుకున్నారు. నెమ్మదిగా నేర్చుకుంటున్నాడని తీయం. నమ్మకం పోగొడితే తీస్తాం. చాలా టీమ్‌లు సరిగ్గా దీనికి రివర్స్‌లో నడుస్తాయి.

ఫలితం కళ్ళ ముందే ఉంది. 2024 సెప్టెంబర్‌లో వాళ్ళ ఇండియా టికెట్ల కోసం లక్షల నంబర్ల క్యూలో ఫోన్ పట్టుకుని కూర్చున్న బ్యాచ్ మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు! 2025 జనవరిలో నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో మూడు షోలు, అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో రెండు. జనవరి 26 షో ఓటీటీలో లైవ్ కూడా వచ్చింది. స్టేజి మీద అదే నలుగురు. హాస్టల్‌లో కలిసిన ఆ నలుగురే, పాతికేళ్ళు దాటాక కూడా. ఇప్పటి వాళ్ళ పాటలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. లైట్లు, రిస్ట్‌బ్యాండ్లు, బాణసంచా ఎక్కువైపోయాయి అనేవాళ్ళున్నారు, నేనూ కొంత ఆ పార్టీనే. కానీ ‘యెల్లో’ మొదలవగానే స్టేడియం మొత్తం పసుపు రంగులో వెలిగినప్పుడు, వెనక డ్రమ్స్ దగ్గర ఎవరున్నారో ఒకసారి చూడండి.

లాస్ట్‌గా, ఎలా వినాలో చెప్తాను. షఫుల్ ఆఫ్ చేయండి. మొదటి పాట ‘డోంట్ ప్యానిక్’ రెండు నిమిషాల చిల్లర, అక్కడి నుంచి వరసగా వెళ్ళండి. ఏడో ట్రాక్ ‘పారాచూట్స్’ ముప్పావు నిమిషమే, గొంతు, గిటార్ అంతే, కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. చివరి పాట ‘ఎవ్రీథింగ్స్ నాట్ లాస్ట్’ అయిపోయింది కదా అని ఆపేయకండి. కాస్త నిశ్శబ్దం తర్వాత దాని వెనకే ఇంకో చిన్న పాట దాగి ఉంటుంది. సీడీల కాలపు సరదా అది, ఓపిక పట్టినవాళ్ళకి బోనస్.

మొదటిసారి క్రిస్ కోసం వినండి. రెండోసారి విల్ కోసం వినండి. రెండోసారి విన్నాక కామెంట్లో ఒక్క పాట పేరు రాయండి: డ్రమ్స్ ఎక్కడ ఆగినందుకు మీకు ఎక్కువ నచ్చిందో. అన్నీ చదువుతాను. మీ టీమ్‌లో, మీ రూమ్‌లో, మీ కాలేజ్ బ్యాండ్‌లో ఒక విల్ ఉంటే ఈ ఎపిసోడ్ ఆ మనిషికి పంపండి. ఏమీ రాయక్కర్లేదు, లింక్ చాలు, అర్థమవుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో ఆల్బమ్‌తో కలుద్దాం. అప్పటిదాకా వింటూ ఉండండి. ఉంటాను మరి!